తెరుచుకోని దారులకు పూర్తి ధరా? ఒంటారియో స్నోమొబైల్ పర్మిట్ నిర్ణేతలకు బహిరంగ లేఖ

ఒంటారియో స్నోమొబైల్ ట్రెయిల్ పర్మిట్ ధరలు, నిబంధనలు నిర్ణయించే పెద్దలకు,
ప్రావిన్స్ రవాణా శాఖ అధికారులకు,
జిల్లా సంఘాల, స్థానిక క్లబ్బుల కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం.

అక్టోబర్ వచ్చిందంటే మా ఇళ్ళలో ఒకటే చర్చ. ఈ ఏడాది పర్మిట్ కొనాలా, వద్దా? వెనకటికి ఇది చర్చే కాదు. ఇంటి ముందు ఆకులు ఊడ్చడం, కారుకు చలికాలం టైర్లు వేయించడం, స్లెడ్‌కు, అంటే మంచు మీద నడిచే స్నోమొబైల్ బండికి, పర్మిట్ తీసుకోవడం అన్నీ ఒకే వరసలో జరిగిపోయేవి. ఇప్పుడు భార్యాభర్తలు కూర్చుని లెక్కలు వేసుకుంటున్నారు. "నువ్వు తీసుకున్నావా? ఆగుతున్నావా?" అని స్నేహితులు ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటున్నారు.

మా ప్రాంతంలోని కొందరం కలిసి ఈ విషయం మీద సంబంధిత కార్యాలయం ఒకదానికి మర్యాదగా ఉత్తరం రాశాం. వాతావరణం తమ చేతుల్లో లేదన్న ఒక్క ముక్క తప్ప వేరే జవాబు రాలేదు. నిజమే, వాతావరణం ఎవరి చేతుల్లోనూ లేదు. కానీ పర్మిట్ ధర, గడువు తేదీ, డబ్బు వెనక్కి ఇవ్వాలా వద్దా అన్న నిబంధన మాత్రం మనుషుల చేతుల్లోనే ఉన్నాయి. ఈ లేఖ వాటి గురించే.

దీని ఇంగ్లిష్ ప్రతిని మీకు విడిగా పంపుతున్నాం. తెలుగు ప్రతి ఎందుకంటే, ఇక్కడ మనవాళ్ళు ఇప్పుడు టొరంటో చుట్టుపక్కల మాత్రమే లేరు. 2019లో మొదలైన గ్రామీణ, ఉత్తర ప్రాంతాల వలస పథకంలో ఉత్తర ఒంటారియో ఊళ్ళు సడ్‌బరీ, టిమ్మిన్స్, నార్త్ బే, థండర్ బే, సూ సెయింట్ మరీ చేరాక, ఆ ఊళ్ళ కాలేజీల్లో చదివినవాళ్ళు కొందరు అక్కడే స్థిరపడ్డారు. ఒకటి రెండు చలికాలాలు గడిచాక, పక్కింటివాళ్ళను చూసి పాత స్లెడ్ ఒకటి కొనుక్కుందామా అని అడుగుతున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు కూడా ఈ లెక్క తెలియాలి.

ముందుగా, తెలియనివారి కోసం రెండు మాటలు. ఒంటారియోలో సుమారు 30 వేల కిలోమీటర్ల స్నోమొబైల్ ట్రెయిళ్ళు, అంటే ఈ బళ్ళు తిరిగే మంచు దారులు, ఉన్నాయి. అందులో చాలా భాగం రైతుల పొలాల్లోంచి, ప్రైవేటు అడవుల్లోంచి, చెరువుల మీదుగా పోతాయి. వాటిని నడిపేది స్థానిక క్లబ్బులు. క్లబ్బుల్లో పనిచేసేవాళ్ళు ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. ఆ దారుల మీద స్లెడ్ నడపాలంటే పర్మిట్ ఉండాలని 2000ల ఆరంభం నుంచి చట్టమే చెబుతోంది. పర్మిట్ మనిషికి కాదు, బండికి. ఇంట్లో రెండు స్లెడ్లుంటే రెండు పర్మిట్లు. ఏ దారి తెరిచి ఉందో ఇంటర్నెట్‌లో ఒక మ్యాప్ చూపిస్తుంది. ఆకుపచ్చ అంటే తెరిచి ఉన్నట్టు, పసుపు అంటే పరిమితంగా, చూసుకుని వెళ్ళాలి అన్నట్టు, ఎరుపు అంటే మూసినట్టు. ఎర్రగా ఉన్న దారిలోకి దిగితే అది అక్రమ ప్రవేశం.

ఇక ధర సంగతి. ఇటీవలి చాలా సీజన్లలో ఇది మూడు మెట్లుగా ఉంటూ వచ్చింది. నవంబర్ 1 లోపు కొంటే 190 డాలర్లు, డిసెంబర్ 1 లోపు 220, ఆ తర్వాత 270 ఉండేది. మంచు పడలేదని డబ్బు వెనక్కి రాదు.

మా అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది. అక్టోబర్‌లో చెట్ల మీద ఇంకా ఆకులుంటాయి. ఆ చలికాలం ఎలా ఉండబోతోందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు, వాతావరణ శాఖ కూడా చెప్పలేదు. ఏమీ తెలియని ఆ రోజుల్లోనే పర్మిట్ చౌక. నేల గడ్డకట్టిందా, చెరువు మీద ఐస్ నిలిచిందా, మా దారి తెరుస్తారా లేదా అన్నది కాస్త తెలిసేసరికి ఆ ధరల ప్రకారం అదే పర్మిట్ 80 డాలర్లు పెరుగుతూ వచ్చింది. రెండు స్లెడ్లున్న ఇంటికి ఆ తేడా 160 డాలర్లు. చలికాలాలు ఒక పద్ధతిలో వచ్చినన్నాళ్ళూ ముందుగా కొన్నవాళ్ళకు తగ్గింపు ఇవ్వడం న్యాయంగానే ఉండేది. ఇప్పుడది వాతావరణం తాలూకు రిస్క్ మొత్తాన్నీ కొనేవాడి నెత్తిన పెట్టే పద్ధతిగా మారింది.

చలికాలం మారిందనడానికి మా మాటే నమ్మక్కర్లేదు. 2023–24 చలికాలం కెనడా మొత్తంలో 1948 నుంచి ఉన్న రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. ఒట్టావాలో రిడో కాలువ మీద 7.8 కిలోమీటర్ల స్కేటింగ్ దారి ఉంది. 1970ల మొదట్నుంచీ ఏటా తెరుస్తూ వచ్చిన ఆ దారిని 2022–23లో మొట్టమొదటిసారి ఒక్క రోజు కూడా తెరవలేకపోయారు. గ్రేట్ లేక్స్ ఉపరితలంలో 2014లో ఒక దశలో 92 శాతానికి పైగా ఐస్ కప్పింది. 2024లో అత్యధికంగా కప్పింది 16 శాతం దగ్గరే. అలాగని మంచు రోజులు పోయాయా అంటే, అదీ కాదు. ఆ మరుసటి చలికాలం చాలాచోట్ల బాగానే గడిచింది. 2024 నవంబర్ చివర్లో గ్రేవెన్‌హర్స్ట్ దగ్గర మీటరుకు పైగా మంచు ఒక్కసారిగా పడి, హైవే 11 మూసేసి, ఊళ్ళో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఒక ఏడాది ఏమీ లేదు, మరుసటి ఏడాది ముంచెత్తింది. మంచు తగ్గడం ఒక బాధ అయితే, ఏ ఏడాది ఎలా ఉంటుందో అంచనాకు అందకపోవడం అంతకన్నా పెద్ద బాధ. పర్మిట్ ధరల పద్ధతి మాత్రం అంతా అంచనాకు అందుతుందన్నట్టే నడుస్తోంది.

మంచు పడగానే దారి తెరుచుకోదన్న సంగతి మీకు మాకన్నా బాగా తెలుసు. చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. ముందు నేల గట్టిపడాలి. బురద నేలలు, చిత్తడి మడుగులు గ్రూమర్ (దారిని చదును చేసే పెద్ద యంత్రం) బరువును మోసేంతగా గడ్డకట్టాలి. ఆ తర్వాత మంచు పడాలి. వరస తలకిందులై, నేల గడ్డకట్టకముందే భారీగా మంచు పడితే ఆ మంచే చలిని కిందికి పోనివ్వదు. పైన నడుము లోతు మంచు, అడుగున మెత్తటి బురద. ఇక చెరువులు. స్నోమొబైల్‌కు కనీసం 25 సెంటీమీటర్ల మందం ఐస్ కావాలని రెడ్ క్రాస్ చెబుతుంది. ఇవన్నీ కుదిరాక గ్రూమర్ రాత్రిపూట బయల్దేరుతుంది. అది వెనక లాగే డ్రాగ్ అనే పరికరం గతుకులను కోసి, మంచును కలిపి, చదును చేసి నొక్కుతుంది. అది గట్టిపడటానికి చల్లటి గంటలు కొన్ని కావాలి. ఇంత శ్రమపడి వేసిన దారిని ఫిబ్రవరిలో ఒక్క రాత్రి వాన కరిగించేస్తుంది. ఇప్పుడు ఫిబ్రవరిలో వాన పడటం మాకు వింత కాదు.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. డబ్బు పోవడం. స్లెడ్ నడిపేవాళ్ళంటే కాటేజీలు, కొత్త మోడల్ బళ్ళు ఉన్న పెద్ద మనుషులని బయటివాళ్ళ ఊహ. మా చుట్టుపక్కల చూస్తే ట్రక్ డ్రైవర్లు, గోడౌన్‌లో షిఫ్టు పనివాళ్ళు, నర్సులు, ప్లంబర్లు ఉన్నారు. వాళ్ళ స్లెడ్లు సెకండ్ హ్యాండ్‌వి, వయసు మళ్ళినవి. పర్మిట్ కాక ఇన్సూరెన్స్ ఉంది, పెట్రోలు, ఆయిలు, హెల్మెట్లు, పిల్లల బూట్లు ఉన్నాయి. వారానికి ఒక సెలవు దొరికేవాడికి ఆ సెలవు రోజున మ్యాప్ ఆకుపచ్చగా ఉండాలి. బుధవారం తెరిచి శనివారం మూసేస్తే వాడి వరకు అది మూసిన సీజనే.

2. ప్రాంతాల మధ్య అన్యాయం. ఒకే పర్మిట్, ఒకే ధర, ప్రావిన్స్ మొత్తం చెల్లుతుంది. వినడానికి బాగుంటుంది. ఉత్తరాన టిమ్మిన్స్‌లోనో కాక్రేన్‌లోనో ఉండే మనిషి మామూలు ఏడాదిలో నెలల తరబడి ఇంటి దగ్గర్నుంచే బండి తీస్తాడు. దక్షిణాన సిమ్కో, కవార్తా, తూర్పు ఒంటారియో, హ్యూరాన్ సరస్సు ఒడ్డు ఊళ్ళవాళ్ళు వెచ్చని ఏడాదిలో కొద్ది రోజులే తిరుగుతారు, కొన్నిచోట్ల అదీ లేదు. "ఉత్తరానికి రావచ్చుగా" అంటారు. రావచ్చు. ట్రెయిలర్ కావాలి, దాన్ని లాగే పికప్ కావాలి, ఆరేడు గంటలు డ్రైవ్ చెయ్యాలి, రెండు రాత్రులు మోటెల్ తీసుకోవాలి, పిల్లలకు బడి ఉండకూడదు. ఇవన్నీ ఉన్నవాడికి పర్మిట్ ధర పెద్ద విషయం కాదు. లేనివాడికి ప్రావిన్స్ మొత్తం చెల్లుతుందన్న మాటతో పని లేదు.

హ్యూరాన్ సరస్సులో భాగమైన జార్జియన్ బే మీదుగా వచ్చే గాలి తెచ్చే మంచు కూడా ఒక్కోసారి ఒక ఊళ్ళో మోకాలి లోతు పడి, అరగంట దూరంలో ఉన్న ఊళ్ళో నేలను కూడా కప్పదు. ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలుగా చూసినా సరిపోని పరిస్థితి ఇది.

3. ప్రాణాల మీదికి రావడం. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఇదే. రెండు వందల డాలర్లకు పైగా కట్టి, జనవరి అంతా కిటికీలోంచి ఎండిన గడ్డి చూసిన మనిషి, ఫిబ్రవరిలో మ్యాప్ పసుపు రంగులోకి మారగానే బండి తీస్తాడు. పసుపు అంటే "జాగ్రత్త" అని అతనికి తెలుసు. కానీ కట్టిన డబ్బు రాబట్టుకోవాలన్న ఆత్రం ముందుకు తోస్తుంది. ఈ ప్రావిన్స్‌లో స్నోమొబైల్ మరణాలు చాలానే గడ్డకట్టిన చెరువుల, నదుల మీద జరుగుతున్నాయని పోలీసులు ఏటా హెచ్చరిస్తూనే ఉన్నారు. ఐస్ పైనుంచి చూస్తే అంతా ఒకేలా ఉంటుంది. ప్రవాహం ఉన్నచోట, వంతెన కింద, వాగు వచ్చి కలిసేచోట అది పలచబడి ఉంటుంది. ఈ ఏడాది డబ్బు వచ్చే ఏడాదికి జమ అవుతుందన్న భరోసా ఉంటే ఇంట్లో ఉండిపోవడం ఎంతోమందికి తేలికవుతుంది. క్రెడిట్ నిబంధనను మీరు లెక్కల పుస్తకంలో నష్టంగా చూస్తున్నారేమో. దాన్ని ప్రాణరక్షణ చర్యగా కూడా చూడమని కోరుతున్నాం.

4. రైతులు దారి మూసేయడం. దక్షిణ ఒంటారియోలో ట్రెయిళ్ళు పోయే పొలాల్లో చాలాచోట్ల శీతాకాలపు గోధుమ ఉంటుంది. శరదృతువులో విత్తుతారు, మొలకలు మంచు కింద నిద్రపోతాయి. పైన సరిపడా మంచు ఉంటే బండి పోయినా నష్టం లేదు. పలచటి మంచు మీద స్లెడ్ పోవడమంటే నారుమడిలోకి బండి తోలడమే. అలా నలుగురు ఆత్రగాళ్ళు వెళ్తే ఆ రైతు మరుసటి ఏడాది అనుమతి ఇవ్వడు. ఆ ఒక్క పొలం పోతే చుట్టూ కిలోమీటర్ల దారి తెగిపోతుంది. రైతుకు మనం అద్దె కట్టడం లేదు, మంచితనంతో ఇస్తున్నాడు. డబ్బు కట్టామన్న ధీమాతో తిరిగే మనిషికి ఈ మంచితనం కనబడదు.

5. బండ్లు పాడవడం. ఇప్పటి స్లెడ్లలో చాలావాటికి ఇంజిన్ వేడిని లాగేది ట్రాక్ వెనక్కి ఎగరేసే మంచే. ట్రాక్ లోపల పట్టాలకు ఉండే ప్లాస్టిక్ స్లైడ్లను తడిపి చల్లబరిచేదీ ఆ మంచే. గట్టి ఐస్ మీద, రాళ్ళు తేలిన దారి మీద కొంతసేపు నడిపితే వేడి సూచించే లైటు వెలుగుతుంది, స్లైడ్లు కరిగి ట్రాక్‌కు అతుక్కుంటాయి. ఐస్‌ను గీరి తుంపర లేపడానికి స్క్రాచర్లు తగిలించుకుంటున్నారు. అది కొంతవరకే పనికొస్తుంది. రిపేరు బిల్లు పర్మిట్ ధరను దాటిపోయిన ఇళ్ళు ఉన్నాయి.

6. చిన్న ఊళ్ళ బతుకు. మోటెళ్ళు, పెట్రోల్ బంకులు, టిఫిన్ వేళ స్లెడ్ల వాళ్ళతో నిండే చిన్న రెస్టారెంట్లు, పార్టుల షాపులు జనవరి, ఫిబ్రవరి వ్యాపారం మీద ఆధారపడి ఉన్నాయి. వాటిని నడిపేవాళ్ళలో భారతీయ కుటుంబాలూ ఉన్నాయి. జనం పర్మిట్ కొనడం మానేస్తే మంచు బాగా పడిన ఏడాది కూడా వాళ్ళకు గిరాకీ ఉండదు. పర్మిట్ లేనివాడు దారి ఎంత బాగున్నా రాలేడు కదా.

ఇప్పుడు మీ వైపు నుంచి కూడా మాట్లాడాలి, ఎందుకంటే క్లబ్ పని దగ్గర్నుంచి చూసినవాళ్ళం మాలో ఉన్నాం. మంచు పడని ఏడాదిలో క్లబ్బుకు ఖర్చు ఉండదనుకోవడం తప్పు. మంచు పడకముందే పని మొదలవుతుంది. సెప్టెంబర్, అక్టోబర్ శనివారాల్లో రంపాలు పట్టుకుని దారికి అడ్డం పడిన చెట్లు కోస్తారు. చిన్న వంతెనల చెక్కలు మారుస్తారు. మలుపు గుర్తులు, ఆపు గుర్తులు పాతుతారు. రైతుల ఇళ్ళకు వెళ్ళి అనుమతి కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు. ఇన్సూరెన్స్ ప్రీమియం ముందే కట్టాలి. గ్రూమర్ ఒక్కటి కొనాలంటే లక్షల డాలర్లు, దాన్ని షెడ్డులో ఉంచినా వాయిదాలు ఆగవు. చలికాలం వచ్చాక రాత్రంతా ఆ గ్రూమర్ నడిపి, తెల్లవారాక సొంత ఉద్యోగానికి వెళ్ళే మనిషిని నేను ఎరుగుదును. అలాంటివాళ్ళ దగ్గర్నుంచి డబ్బు లాక్కోవాలని మేము అడగడం లేదు. పర్మిట్ డబ్బే ఈ దారులకు ప్రధాన ఆధారమని, నవంబర్‌లో చేతికొచ్చే డబ్బుతోనే క్లబ్బులు చలికాలానికి సిద్ధమవుతాయని మాకు తెలుసు.

సరిగ్గా అందుకే ఇప్పుడున్న పద్ధతి మీకు కూడా ప్రమాదం అంటున్నాం. రెండు చెడ్డ చలికాలాలు చూసిన మనిషి మూడో ఏడాది "చూద్దాం" అంటాడు. జనవరి దాకా ఆగి, దారి తెరిచాక పెరిగిన ధర చూసి, "మిగిలిన ఈ కాస్త సీజన్‌కు ఇంత ఎందుకు" అని వదిలేస్తాడు. ఆ తర్వాత స్లెడ్ అమ్మేస్తాడు. అమ్మేసినవాడు తిరిగి రాడు. మీకు అవసరమైన ముందస్తు డబ్బు భద్రంగా రావాలంటే, కొనేవాడికి కూడా కాస్త భద్రత ఉండాలి.

మరి ఈ ఏడాది కొనాలా, వద్దా అని మమ్మల్ని అడిగే మనవాళ్ళకు నా మాట ఇది. ఉత్తరాన ఉంటే, లేదా ట్రెయిలర్ కట్టుకుని ఉత్తరానికి వెళ్ళే వీలు, తీరిక ఉంటే తక్కువ ధర ఉన్నప్పుడే కొనండి, అది డబ్బుకు తగినదే. దక్షిణాన ఉండి, ఇంటి దగ్గరి దారుల మీదే ఆధారపడితే, ఇప్పటి నిబంధనల ప్రకారం అది పందెమే. రెండు వందల డాలర్లు పోయినా ఇల్లు ఇబ్బంది పడదనుకుంటే, ఆ డబ్బు మీ ఊరి క్లబ్బుకు సాయం అనుకుని కొనండి. ఆ స్థోమత లేకపోతే ఆగండి, అందులో తప్పేమీ లేదు. కొన్నా కొనకపోయినా ఎర్రని దారిలోకి మాత్రం దిగకండి. ఇలాంటి సలహా చెప్పాల్సి రావడం నాకు ఇష్టం లేదు. అందరూ నిశ్చింతగా కొనండని చెప్పగలగాలనే ఈ లేఖ రాస్తున్నాను.

మా కోరికలు ఇవి.

1. వచ్చే సీజన్‌కు జమ. డబ్బు వెనక్కి ఇవ్వమని అడగడం లేదు. పర్మిట్ కొనేటప్పుడు ఏ క్లబ్బుకు మద్దతో ఎంచుకునే ఏర్పాటు ఇప్పటికే ఉంది. కాబట్టి కొన్నవాడు ఏ జిల్లావాడో మీ దగ్గర నమోదై ఉంటుంది. ఆ జిల్లాలో ప్రధాన దారులు తెరిచి ఉన్న రోజులు 21 కన్నా తగ్గితే మరుసటి ఏడాది పర్మిట్‌లో సగం ధర, వారం కన్నా తగ్గితే నాలుగింట మూడొంతులు తగ్గించండి. ఆ మనిషి అదే చలికాలంలో ఉత్తరాన తిరిగి వచ్చాడేమో అన్న అనుమానం మీకు రావచ్చు. తిరగలేదని రాసిచ్చే ఒక హామీ పత్రం తీసుకోండి. ఎక్కువమంది నిజాయితీగానే ఉంటారు. స్కీ రంగంలో వెయిల్ లాంటి పెద్ద కంపెనీ 2020–21 సీజన్ నుంచి, కొండ మూతపడటం లాంటి కొన్ని సందర్భాల్లో సీజన్ పాస్ డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటును పాస్‌తో పాటే కలిపి ఇస్తోంది. లాభం కోసం నడిచే సంస్థ చేసిన పనిని, జనం కోసం నడిచే వ్యవస్థ తనకు తగ్గ పద్ధతిలో చెయ్యలేకపోవడానికి కారణం మాకు కనబడలేదు.

2. తెరిచిన రోజుల లెక్క బయటపెట్టండి. మ్యాప్ మీద రంగులు మారిన ప్రతిసారీ అది ఎక్కడో నమోదవుతూనే ఉంటుంది. జిల్లాల వారీగా గత పది సీజన్లలో దారులు ఆకుపచ్చగా ఎన్ని రోజులు, పసుపుగా ఎన్ని రోజులు ఉన్నాయో పర్మిట్ అమ్మకాలు మొదలవ్వక ముందే ఒక పట్టికగా పెట్టండి. ఇందులో ఖర్చు పెద్దగా లేదు. కొనేవాడికి తానేం కొంటున్నాడో తెలిసే హక్కు ఉంది. మా కోరికలన్నిటిలో వెంటనే చెయ్యగలిగినది ఇదే, దీన్ని వాయిదా వెయ్యకండి.

3. గడువు మార్చండి. అతి తక్కువ ధరను కనీసం డిసెంబర్ 1 దాకా ఉంచండి. అందరికీ కుదరకపోతే, ముందటి ఏడాది పర్మిట్ తీసుకున్నవాళ్ళకైనా ఉంచండి. చెడ్డ ఏడాదిలో కూడా మీతో ఉన్నవాళ్ళు వాళ్ళే.

4. సీజన్ చివరి పర్మిట్. ఫిబ్రవరి 15 తర్వాత కొనేవాడికి ధర సగం చెయ్యండి. ఆలస్యంగా పడిన మంచుకు ఆలస్యంగా వచ్చిన మనిషి, ఏమీ కట్టకుండా ఇంట్లో కూర్చోవడం కన్నా సగం కట్టి రావడం క్లబ్బుకే మేలు. కొద్ది రోజుల పర్మిట్లు ఉన్నాయని తెలుసు. అవి పర్యాటకులకు సరిపోతాయి. వారం వారం ఆకాశం చూసుకుంటూ, తెరిచిన రోజు మాత్రమే వచ్చే స్థానికుడికి రోజు చొప్పున లెక్క గిట్టదు.

5. ప్రాంతీయ పర్మిట్. ఒకటి రెండు జిల్లాలకే చెల్లే తక్కువ ధర పర్మిట్ దక్షిణాదిలో మూడేళ్ళపాటు ప్రయోగంగా పెట్టి చూడండి. ప్రావిన్స్ మొత్తం తిరగాలనుకునేవాడు మిగతా తేడా కట్టి మార్చుకునే వీలుంచండి.

6. ఒకే ఇంట్లో రెండో స్లెడ్ నుంచి తగ్గింపు. పిల్లల్ని వెంట తీసుకుపోయే కుటుంబాలు నిలబడితేనే పదేళ్ళ తర్వాత క్లబ్బులకు కార్యకర్తలు దొరుకుతారు.

7. ఇది ప్రావిన్స్ ప్రభుత్వానికి. పర్మిట్‌ను తప్పనిసరి చేసింది చట్టం. అలాంటప్పుడు దాని వెనకున్న వ్యవస్థను చెడ్డ చలికాలానికి వదిలేయడం సరికాదు. మంచి ఏడాదిలో పర్మిట్ ఆదాయంలో కొంత, ప్రభుత్వం వాటా కొంత కలిపి ఒక వాతావరణ నిధి ఏర్పాటు చెయ్యండి. దారులు తెరవని ఏడాదిలో క్లబ్బుల ఇన్సూరెన్స్, గ్రూమర్ వాయిదాలు, పై జమ తగ్గింపుల భారం దాని నుంచి తీరాలి. చిన్న ఊళ్ళ మోటెళ్ళ నుంచి, పెట్రోలు మీద నుంచి మీకు వచ్చే పన్నులో ఈ దారుల పాలు ఉంది. ఈ నిధి లేకుండా మొదటి కోరికను క్లబ్బుల మీద రుద్దితే చిన్న క్లబ్బులు మూతపడతాయి. ఆ పని మేమూ కోరుకోం.

ఈ ఏడు కోరికలకు ఏడు జవాబులు కావాలి. కుదిరేది ఏదో, ఎప్పటినుంచో చెప్పండి. కుదరనిది ఎందుకు కుదరదో అంకెలతో చెప్పండి. వచ్చే సీజన్ పర్మిట్లు అమ్మకానికి పెట్టకముందే అందరూ చూసేలా ఆ జవాబు ప్రచురించాలని కోరుతున్నాం. మీరు పిలిస్తే మా ప్రాంతం నుంచి కొందరం వచ్చి కూర్చుని మాట్లాడతాం. సాయంత్రం షిఫ్టుల వాళ్ళున్నారు కాబట్టి సమావేశం శనివారం పెడితే బాగుంటుంది.

ఇట్లు,
ఒరిలియా పరిసరాల స్నోమొబైల్ కుటుంబాల తరఫున
ఒక తెలుగు పర్మిట్‌దారు